పైన పటారం చూసి పైకం కట్టొద్దు
కంపెనీ వెబ్‌సైట్‌ను నమ్మే ముందు పరిశీలించాల్సిన అంశాలివీ

నర్సంపేట: అది 2025 జనవరి. మిర్చి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కల్లంలో పోసిన కాయ మంచుకు తడిసి తాలుగా మారుతుందేమోనన్న దిగులుతో ఈ ప్రాంత రైతు ఒకరు, కాయను ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ కోసం సెల్‌ఫోన్‌లో వెతికారు. ఓ కంపెనీ వెబ్‌సైట్ కనిపించింది. రంగురంగుల ఫొటోలు, పచ్చని పొలాలు, నవ్వుతున్న రైతులు, ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అన్న నినాదం అందులో ఉన్నాయి. రూ.42 వేలు అడ్వాన్సుగా కడితే పది రోజుల్లో యంత్రాన్ని కల్లం వద్దకే తెచ్చి బిగిస్తామని, మిగతా మొత్తం ప్రభుత్వ రాయితీ కింద పోతుందని ఫోన్‌లో చెప్పారు.

ఆ ఫోన్ పట్టుకొని రైతు ఈ విలేకరి వద్దకు వచ్చారు. ‘‘సైటు మంచిగనే ఉంది గదన్నా. హైదరాబాద్ల ఆఫీసు ఉన్నది, జీఎస్టీ నంబరు ఉన్నది, తాళంకప్ప గుర్తు గూడ ఉన్నది. కట్టమంటవా?’’ అని అడిగారు.

ఆయన ప్రశ్న ఒక్కరిది కాదు. విత్తనాలు, డ్రిప్పు పైపులు, డ్రోన్లు, రుణాలు, ఉద్యోగాలు, డీలర్‌షిప్పులు... అన్నింటికీ ఇప్పుడు తొలి పరిచయం వెబ్‌సైటే. కంపెనీ గడప తొక్కకుండానే వేలు, లక్షలు చేతులు మారుతున్నాయి. ఈ నేపథ్యంలో ఓ వెబ్‌సైట్‌ను ఎంతవరకు నమ్మవచ్చో, దాని సాంకేతిక నాణ్యతను ఎలా అంచనా వేయాలో సామాన్యులకు ఉపయోగపడేలా వివరించే ప్రయత్నమే ఈ కథనం.

సొంత మాట సాక్ష్యం కాదు

మొదట గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వెబ్‌సైట్ అంటే కంపెనీ తన గురించి తాను చెప్పుకొనే మాట. అందులోని ఫొటోలు, పొగడ్తలు, అవార్డులు అన్నీ కంపెనీ పెట్టుకున్నవే. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి తరఫువారు చెప్పిందే విని ఊరుకోం. ఆ ఊరు వెళ్లి నలుగురిని వాకబు చేస్తాం. వెబ్‌సైట్ విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. సైట్‌లో ఏముందన్న దానికన్నా, సైట్ చెప్పిన మాటకు బయట ఆధారం దొరుకుతుందా అన్నది ముఖ్యం.

మరో సంగతి. నిజాయతీగా వ్యాపారం చేసే వారి పెట్టుబడి దుకాణంలో, గోదాములో, సరుకులో ఉంటుంది. మోసగాడికి సైట్ తప్ప మరో ఆస్తి ఉండదు కాబట్టి శ్రద్ధంతా దానిపైనే పెడతాడు. రెడీమేడ్ నమూనాలతో ఆకర్షణీయమైన సైట్‌ను ఒక్క రోజులో తయారు చేయవచ్చు. అందం ఒక్కటే చూసి నిర్ణయానికి వస్తే ‘పైన పటారం, లోన లొటారం’ సామెత అనుభవంలోకి వస్తుంది.

చిరునామాను వెనుక నుంచి చదవాలి

బ్రౌజర్ పై భాగంలో కనిపించే చిరునామాను ఎడమ నుంచి కాకుండా కుడి నుంచి చదవడం అలవాటు చేసుకోవాలి. మొదటి ఏటవాలు గీతకు ముందున్న చివరి రెండు ముక్కలే (డాట్ కో డాట్ ఇన్ వంటి వాటిలో చివరి మూడు) అసలు యజమానిని తెలుపుతాయి. ఉదాహరణకు ‘మనబ్యాంకు డాట్ రుణాలిస్తాం డాట్ కామ్’ అని ఉంటే అది ‘మనబ్యాంకు’ది కాదు, ‘రుణాలిస్తాం డాట్ కామ్’ అనే పేరు కొనుక్కున్న వారిది. ముందు భాగంలో ఎవరి పేరైనా రాసుకోవచ్చు.

డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఓఆర్‌జీ పేర్లను రుసుము చెల్లించి ఎవరైనా పొందవచ్చు. చివర ‘ఇన్’ ఉన్నంత మాత్రాన ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్లు కాదు. ‘గవ్ డాట్ ఇన్’ మాత్రం ప్రభుత్వ సంస్థలకే కేటాయిస్తారు. పొలాలకు సోలార్ పంపుసెట్లు అందించే పీఎం-కుసుమ్ పథకం పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొచ్చి, రిజిస్ట్రేషన్ రుసుము అంటూ రైతుల నుంచి డబ్బులు గుంజడంతో కేంద్ర నవ, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ పలుమార్లు హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. ఆ నకిలీల చిరునామాల్లో ‘కుసుమ్’, ‘యోజన’ అనే మాటలు ఉన్నాయి గానీ చివర ‘గవ్ డాట్ ఇన్’ లేదు.

బ్యాంకుల విషయంలో ఈ చిక్కును తగ్గించేందుకు రిజర్వు బ్యాంకు 2025లో కొత్త ఏర్పాటు చేసింది. దేశంలోని బ్యాంకులు తమ సైట్లను ‘బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మార్చుకోవాలని ఆదేశించి, 2025 అక్టోబరు 31ని గడువుగా విధించింది. ఈ పేర్లను కేటాయించే బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించింది. బ్యాంకు కాని వారికి ఈ పేరు ఇవ్వరు. బ్యాంకు పేరుతో వచ్చే లింకుల చివర ఇది ఉందో లేదో చూస్తే చాలావరకు మోసాలను గడప వద్దే ఆపవచ్చు.

తాళం గుర్తు దేనికి?

చిరునామా ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలైతే మన ఫోన్‌కూ, ఆ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో మూడో వ్యక్తి చదవలేడని అర్థం. అంతే. అవతలి వ్యక్తి మంచివాడా, దొంగా అన్నది అది చెప్పదు. కవరు గట్టిగా అంటించి పంపినా, అది చేరేది మోసగాడికే అయితే ప్రయోజనం ఏముంది? ఈ భద్రతకు అవసరమైన ధ్రువపత్రాలు కొన్నేళ్లుగా ఉచితంగా, నిమిషాల్లో లభిస్తున్నాయి. మోసగాళ్లూ తీసుకుంటున్నారు. తాళం కనిపిస్తే సైట్ నమ్మదగినదేనని జనం పొరబడుతున్నందున గూగుల్ క్రోమ్ 2023 సెప్టెంబరులో ఆ గుర్తునే తొలగించి దాని స్థానంలో వేరే గుర్తు పెట్టింది.

కాబట్టి తాళం ఉంటే నమ్మాలని కాదు. లేకుంటే మాత్రం ఆగాలి. ‘సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరిస్తున్న పేజీలో ఆధార్, ఖాతా నంబరు, పాస్‌వర్డ్ వంటివి నింపకూడదు. ఇక మన రైతు చూసిన తాళంకప్ప బ్రౌజర్ చూపిన గుర్తు కూడా కాదు. పేజీ అడుగున అతికించిన ఓ బొమ్మ. దానిపై వేలు పెడితే ఏమీ తెరుచుకోలేదు.

పుట్టిన తేదీ దాగదు

ప్రతి వెబ్‌సైట్ పేరుకూ పుట్టిన తేదీ ఉంటుంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో సైట్ పేరు కొడితే, ఆ పేరును మొదట ఎప్పుడు నమోదు చేశారో, గడువు ఎప్పుడు ముగుస్తుందో ఉచితంగా తెలుస్తుంది. డాట్ ఇన్ పేర్ల నమోదును మన దేశానికి చెందిన నిక్సీ చూస్తుంది. యజమాని పేరు చాలా సందర్భాల్లో గోప్యంగా ఉంటుంది గానీ తేదీ సాధారణంగా కనిపిస్తుంది.

పాత పేజీలను భద్రపరిచే ‘వేబ్యాక్ మెషీన్’ మరో సాధనం. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతోంది. అందులో సైట్ చిరునామా ఇస్తే గతంలో ఆ సైట్ ఎలా ఉండేదో కనిపిస్తుంది. నిన్నటిదాకా బట్టల దుకాణంగా ఉన్న సైట్ నేడు ఫైనాన్స్ కంపెనీగా మారితే అక్కడే తెలిసిపోతుంది.

సోలార్ డ్రయ్యర్ల కంపెనీ సైట్ పుట్టి అప్పటికి ఐదు వారాలే అయింది. ‘ఇరవై ఏళ్ల అనుభవం’ ఉన్న సంస్థ సైట్‌ను ఆలస్యంగా పెట్టుకోకూడదని లేదు. పాత దుకాణాలు ఎన్నో అలా చేస్తాయి. కానీ అలాంటి సంస్థకు సైట్ బయట ఇరవై ఏళ్ల జాడలు ఉండాలి. పాత బిల్లులు, కొన్నవారు, పత్రికల్లో ప్రకటనలు, ఆ వీధిలో తెలిసినవారు ఉండాలి. ఈ కంపెనీకి అవేవీ దొరకలేదు.

మొదటి పేజీలో ఏముండాలి?

సైట్‌లో ఏం పెట్టాలన్నది కంపెనీ ఇష్టం మాత్రమే కాదు, చట్టం కూడా కొంత చెబుతోంది. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన ఇన్‌కార్పొరేషన్ నిబంధనల ప్రకారం, వెబ్‌సైట్ ఉన్న ప్రతి కంపెనీ తన పేరు, రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామా, కార్పొరేట్ గుర్తింపు సంఖ్య (సీఐఎన్), టెలిఫోన్ నంబరు, ఈ-మెయిల్, ఫిర్యాదులకు సంప్రదించాల్సిన వ్యక్తి పేరును మొదటి పేజీలోనే ప్రకటించాలి.

ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే సంస్థలకు 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు కూడా వర్తిస్తాయి. చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, వినియోగదారుల సేవా కేంద్రం వివరాలు, ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరు, హోదా సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లోగా అందినట్లు తెలపాలి. నెలలోగా పరిష్కరించాలి. ఈ వివరాలు లేకుండా ఓ సెల్ నంబరు, వాట్సాప్ గుర్తు మాత్రమే ఉన్న సైట్‌ను దూరం పెట్టడమే మేలు.

నంబర్లు చదవడం నేర్చుకోవాలి

సీఐఎన్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉంటాయి. మొదటి అక్షరం ‘ఎల్’ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ, ‘యు’ అయితే నమోదు కానిది. తర్వాత ఐదు అంకెలు పరిశ్రమ రకాన్ని, ఆపై రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, నాలుగు అంకెలు కంపెనీ స్థాపించిన సంవత్సరాన్ని, మూడు అక్షరాలు కంపెనీ తరగతిని, చివరి ఆరు అంకెలు రిజిస్ట్రేషన్ సంఖ్యను తెలుపుతాయి. అంటే ‘ఎన్నేళ్ల అనుభవం’ అన్న ప్రశ్నకు జవాబు ఆ నంబరు మధ్యలోనే ఉంటుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఈ నంబరు ఇస్తే కంపెనీ పేరు, స్థాపించిన తేదీ, చెల్లించిన మూలధనం, ప్రస్తుతం పనిచేస్తోందా, జాబితా నుంచి కొట్టివేశారా అన్నవి తెలుస్తాయి. చివరిసారి జమాఖర్చుల పట్టిక ఎప్పుడు సమర్పించిందో కూడా చూడాలి.

జీఎస్టీ నంబరులో 15 ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది ఆ సంస్థ లేదా యజమాని పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ విభాగంలో లాగిన్ అవసరం లేకుండానే ఈ నంబరును సరిచూడవచ్చు. చట్టబద్ధమైన పేరు, వ్యాపార నామం, నమోదు తేదీ, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో రద్దయిందో అక్కడ కనిపిస్తుంది.

డ్రయ్యర్ల కంపెనీ తన కార్యాలయం హైదరాబాద్‌లో ఉందని రాసింది. కానీ జీఎస్టీ నంబరు 07తో మొదలైంది. అది ఢిల్లీ కోడ్. కంపెనీకి పలు రాష్ట్రాల్లో వ్యాపారం ఉంటే రాష్ట్రానికో నంబరు ఉంటుంది కాబట్టి అంతటితో తప్పు పట్టలేం. పోర్టల్‌లో కొట్టి చూస్తే అది వేరే పేరున్న ఓ దుస్తుల వ్యాపారిదని, పైగా ఆ రిజిస్ట్రేషన్ రద్దయిందని తేలింది. ఎవరిదో నంబరు తెచ్చి తమ పేజీలో అతికించుకున్నారు. నంబరు ‘ఉండటం’ వేరు, ఆ నంబరు ‘వారిదే కావడం’ వేరు అన్నది ఇక్కడ గ్రహించాల్సిన విషయం.

రిజిస్ట్రేషన్ వేరు... అనుమతి వేరు

నంబర్లన్నీ సరిపోయినా డబ్బు డిపాజిట్ చేయమనే కంపెనీల విషయంలో మరో మెట్టు ఎక్కాలి. కంపెనీగా రిజిస్టర్ కావడం అంటే ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించే అనుమతి ఉన్నట్లు కాదు. అగ్రిగోల్డ్ వ్యవహారంలో తెలుగు పల్లెలు ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి.

హైదరాబాద్‌లో 2025 ఫిబ్రవరిలో వెలుగుచూసిన ‘ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్’ కేసు మరింత తాజా ఉదాహరణ. ఓ రిజిస్టర్డ్ కంపెనీ పేరున నడిచిన ఈ వేదిక వెబ్‌సైట్, యాప్‌ల ద్వారా, పేరున్న పెద్ద కంపెనీల బిల్లులపై స్వల్పకాలిక పెట్టుబడి అంటూ అధిక రాబడిని ఆశ చూపింది. దాదాపు 7 వేల మంది నుంచి రూ.1,700 కోట్ల వరకు సేకరించి, అందులో సగం మేర తిరిగి చెల్లించలేదని సైబరాబాద్ పోలీసులు వెల్లడించారు. పెద్ద కంపెనీల చిహ్నాలను తెరపై పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడ్డురాదు. ఆ పెద్ద కంపెనీ సైట్‌లో ఈ చిన్న కంపెనీ పేరు ఉందా అని చూడటమే సరైన పరీక్ష.

రుణం ఇస్తామనే సంస్థ పేరు రిజర్వు బ్యాంకు జాబితాలో, షేర్ల సలహాలిచ్చే సంస్థ పేరు సెబీ జాబితాలో, బీమా సంస్థ పేరు ఐఆర్‌డీఏఐ జాబితాలో ఉండాలి. డిపాజిట్లు సేకరించే సంస్థలపై సమాచారం, ఫిర్యాదుల కోసం రిజర్వు బ్యాంకు 2016లో ‘సచేత్’ పోర్టల్‌ను ప్రారంభించింది.

సాంకేతిక నాణ్యత చెప్పేదేమిటి?

సైట్ సాంకేతికంగా బాగుంటే కంపెనీ మంచిదని చెప్పలేం. బాగోలేకుంటే చెడ్డదనీ అనలేం. అయితే కొన్ని లోపాలు అజాగ్రత్తను, మరికొన్ని మోసాన్ని సూచిస్తాయి. రెండింటినీ వేరు చేసి చూడాలి.

పేజీ నెమ్మదిగా తెరుచుకోవడం, ఫోన్ తెరపై అక్షరాలు ఇమడకపోవడం, పాత ధరలు అలాగే ఉండటం అజాగ్రత్త కిందికి వస్తాయి. గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో చిరునామా ఇస్తే ఈ లోపాలను ఉచితంగా చూపుతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, వేలితో నొక్కితే 200 మిల్లీ సెకన్లలోపు స్పందించాలని ప్రమాణం. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉండే తండాల్లో ఇది చిన్న విషయం కాదు.

మోసాన్ని సూచించే లక్షణాలు వేరు. ‘మా గురించి’ పేజీలోని ఓ వాక్యాన్ని సెర్చ్‌లో కొడితే అదే వాక్యం మరో నాలుగు కంపెనీల సైట్లలో కనిపించడం, గోప్యతా విధానం పేజీలో వేరొక కంపెనీ పేరు చెరపకుండా మిగిలిపోవడం, ‘మా సిబ్బంది’ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే విదేశీ ఫొటోల దుకాణంలో తేలడం, ఫేస్‌బుక్, యూట్యూబ్ గుర్తులపై నొక్కితే ఎక్కడికీ వెళ్లకపోవడం ఇందుకు ఉదాహరణలు. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు’ అన్న చందంగా ఉండే సైట్లు ఇవే.

వ్యక్తిగత సమాచారం అడిగే చోట లోపాలను అసలు ఉపేక్షించరాదు. ధరల పట్టిక చూపడానికి ఆధార్ ఎందుకు? సరుకు అమ్మడానికి ఓటీపీ, కార్డు పిన్ నంబరు ఎందుకు? ప్లేస్టోర్‌లో కాకుండా ‘ఏపీకే’ ఫైలు పంపి యాప్‌ను ఫోన్‌లో వేసుకోమంటే వెంటనే ఆగాలి. అలాంటి యాప్‌లు ఫోన్‌కు వచ్చే సందేశాలను చదివి ఖాతాలు ఖాళీ చేస్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే పాతదాన్నే ఉన్నదున్నట్లు ఈ-మెయిల్‌లో పంపే సైట్ కూడా ప్రమాదకరమే. మన పాస్‌వర్డ్‌ను దాచడం దానికి తెలియదని అర్థం.

మన వ్యాపారులూ మేల్కొనాలి

ఈ పరీక్షలో నిజాయతీపరులు సైతం తప్పిపోతున్నారు. ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తున్న విత్తన దుకాణాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, రైస్‌మిల్లులు ఎవరో కుర్రాడితో సైట్ చేయించి వదిలేస్తున్నాయి. పేరు గడువు ముగిసినా చూసుకోవడం లేదు. వదిలేసిన పేరును మరొకరు కొనుక్కొని, పాత సంస్థ పరపతితో మోసాలకు దిగే ప్రమాదం ఉంది. సైట్ పేరును తయారు చేసిన వారి పేరిట కాకుండా సంస్థ పేరిటే నమోదు చేయించుకోవాలి. గడువు తేదీని గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ సంఖ్య, చిరునామా, ల్యాండ్‌లైన్ నంబరు, లైసెన్సు వివరాలను మొదటి పేజీలో స్పష్టమైన తెలుగులో పెట్టాలి. ఇందుకు పెద్దగా ఖర్చు కాదు.

డబ్బు కట్టే ముందు

సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి ‘మీరు నిజమైన వారేనా?’ అని అడిగితే అవుననే అంటారు. వేరే మార్గంలో నంబరు సంపాదించి మాట్లాడాలి. రాయితీ అంటే మండల వ్యవసాయ అధికారిని, ఉద్యాన అధికారిని అడగాలి. కార్యాలయం హైదరాబాద్‌లో ఉందంటే అక్కడ ఉంటున్న బంధువును ఒకసారి ఆ చిరునామాకు పంపి చూడాలి. కంపెనీ పేరున్న బ్యాంకు ఖాతాకే తప్ప వ్యక్తుల ఖాతాలకు, ఫోన్ నంబర్లకు పైకం పంపరాదు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ద్వారా ఆన్‌లైన్‌లో పంపే వారికి ఖాతాదారు పేరును ముందే చూపే సదుపాయాన్ని బ్యాంకులు 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు చదవడానికి అర నిమిషం చాలు. ‘ఈ రోజే ఆఖరు’ అని తొందరపెట్టే వారి వద్ద అసలే కొనవద్దు.

మోసపోయినట్లు అనుమానం వస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే సొమ్మును ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. సరుకు నాణ్యత, వాపసు వంటి వివాదాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డ్రయ్యర్ కోసం వచ్చిన రైతుతో కలిసి ఇవన్నీ చూడటానికి పట్టింది ఇరవై నిమిషాలు. ఆయన డబ్బు కట్టలేదు. పక్క ఊరి రైతు ఒకరు మాత్రం అప్పటికే రూ.42 వేలు పంపేశారు. నలుగురిలో నవ్వులపాలవుతానని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. 1930కి ఫోన్ చేసేసరికి సొమ్ము చేతులు మారిపోయింది. ఉగాది నాటికి ఆ వెబ్‌సైట్ తెరుచుకోవడం మానేసింది. మొదటి రైతు ఆ సీజన్‌కు టార్పాలిన్లు కొని, పొద్దుగూకగానే కాయను కప్పుకొంటూ కల్లంలోనే పంట ఆరబెట్టుకున్నారు.